పాత కారులో మసి: సీసా మందు ఎక్కడిదాకా చేరుతుంది?

బెంగళూరు కె.ఆర్. పురంలో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లారులో, ఒకే వారంలో రెండు కార్ల గురించి ఒకే మాట విన్నాను. మొదటి కారు మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా పక్కింటి బాబాయిగారిది. 2009 నాటి పెట్రోలు బండి, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది మా తోడల్లుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో పెట్రోలు కారు. రెండింటికీ పికప్ తగ్గింది. రెండు వేర్వేరు సర్వీసు కేంద్రాలు ఇచ్చిన సలహా మాత్రం ఒక్కటే: "ఇంజిన్‌లో కార్బన్ పట్టింది. ట్యాంకులో ఈ మందు పోయండి, పోతుంది."

"నిజంగా పోతుందంటావా బాబూ? లేక డబ్బు దండుగేనా?" అని బాబాయిగారు సీసాను నా చేతిలో పెట్టి అడిగారు. ఆ ప్రశ్నకు అవునని చెప్పినా, కాదని చెప్పినా తప్పే అవుతుంది. ఇంజిన్‌లో మసి పట్టే చోట్లు చాలా ఉన్నాయి. ట్యాంకులో పోసిన ద్రవం వాటిలో కొన్నింటి దగ్గరికే వెళ్తుంది. కాబట్టి ముందు తేల్చుకోవలసినవి రెండు: మసి ఎక్కడుంది, మందు ఏ దారిన పోతుంది. ఈ రెండూ తెలిస్తే మిగిలినదంతా దానంతట అదే విడిపోతుంది.

ఈ సందేహం ఇప్పుడు ఇంతమందికి రావడానికి మరో కారణం కూడా ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును ప్రధానమంత్రి 2023 ఫిబ్రవరి 6న ఇదే బెంగళూరులో, ఇండియా ఎనర్జీ వీక్ వేదిక మీద ప్రారంభించారు. మొదట కొన్ని బంకులకే పరిమితమైన ఆ ఇంధనం క్రమంగా మామూలు పెట్రోలు స్థానంలోకి వచ్చేసింది. పాత కార్ల మైలేజీ పడిపోతోందన్న ఆందోళన మొదలైంది. దాని వెంటే జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో శుద్ధి ద్రవాల అమ్మకందార్ల ప్రచారమూ పెరిగింది. ఇథనాల్ వల్ల వచ్చే తేడా, మసి వల్ల వచ్చే తేడా రెండూ కలగలిసిపోయి అయోమయం రెట్టింపైంది.

## మెకానిక్ "కార్బన్" అన్నప్పుడు అది ఏది?

మనం కార్బన్ అని పిలిచేది నిజానికి ఒకే పదార్థం కాదు. పూర్తిగా కాలని పెట్రోలు మిగిల్చిన మసి, వేడికి గట్టిపడి జిగురులా మారిన ఇంధనం, ఇంజిన్ ఆయిలు కాలగా మిగిలిన బూడిద, ఇవన్నీ పొరలు పొరలుగా కలిసిన మిశ్రమం అది. కట్టెల పొయ్యి మీద ఏళ్ల తరబడి వాడిన గిన్నె అడుగును తలచుకోండి. పైన వేలికి అంటే మెత్తని మసి ఉంటుంది, దాని కింద గీకినా రాని నల్లని పెంకు ఉంటుంది. ఇంజిన్‌లోనూ అంతే. పై పొర తేలిగ్గా కరుగుతుంది, అడుగు పొర మొండిది.

ఇది చేరే చోట్లలో ముఖ్యమైనవి అయిదు. పెట్రోలును తుంపరగా చల్లే ఇంజెక్టర్ మొన ఒకటి. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ వెనుక భాగం రెండోది. పిస్టన్ తల, దాని పైనున్న దహన గది మూడోది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల గాడులు నాలుగోది. గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీ, పొగను వెనక్కి తిప్పే ఈజీఆర్ వాల్వ్ వంటి గాలిదారి భాగాలు అయిదోది.

ఒక్కో చోట పట్టిన మసి ఒక్కో లక్షణం చూపిస్తుంది. ఇంజెక్టర్ మొన మూసుకుంటే పెట్రోలు తుంపరగా కాక ధారగా పడుతుంది, ఉదయం స్టార్టింగ్ ఇబ్బంది పెడుతుంది. వాల్వ్ వెనుక పేరుకుంటే, అది స్పాంజిలా పెట్రోలును పీల్చుకుని ఆలస్యంగా వదులుతుంది, యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో బండి తటపటాయిస్తుంది. పిస్టన్ తల మీద మందంగా పడితే దహన గదిలో జాగా తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. పైగా ఎర్రగా కాలిన మసి తునక స్పార్క్ కంటే ముందే మిశ్రమాన్ని అంటించవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దానికి, అంటే నాకింగ్‌కు, ఇదొక కారణం. రింగుల గాడుల్లో పేరుకుంటే రింగులు బిగుసుకుపోయి ఇంజిన్ ఆయిలు తినడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మసి ఉన్నంత మాత్రాన అది జబ్బు కాదు. నడిచే ప్రతి ఇంజిన్‌లోనూ పలుచని పొర ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత దహన గదిలో కొత్తగా పడేదీ, కాలిపోయేదీ దాదాపు సమానమై ఆ పొర ఒక మందం దగ్గర నిలకడకు వస్తుంది. కెమెరా పెట్టి నల్లని పిస్టన్ తలను చూపించి కారు యజమానిని భయపెట్టడం న్యాయం కాదు. నల్లగా లేని పిస్టన్ తల కొత్త ఇంజిన్‌లోనే కనిపిస్తుంది.

## బెంగళూరు రోడ్లు మసిని ఎందుకు పెంచుతాయి?

ట్రాఫిక్‌ను కొలిచే టామ్‌టామ్ సంస్థ 2023 సంవత్సరానికి వేసిన లెక్కలో, బెంగళూరు నగర మధ్యంలో 10 కిలోమీటర్ల ప్రయాణానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు 21 కిలోమీటర్ల వేగం. సిల్క్ బోర్డు కూడలి దగ్గరో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరో సాయంత్రం ఆరింటికి నిలబడ్డవారికి ఈ సగటు కూడా ఎక్కువే అనిపిస్తుంది. బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో, దహన గదిలో వేడి తక్కువ, గాలి కదలిక తక్కువ. మసి కాలిపోవడానికి కావలసిన పరిస్థితి అక్కడ ఉండదు.

దగ్గరి దూరాలు మరింత చెరుపు చేస్తాయి. చల్లని ఇంజిన్‌కు కారులోని కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు ఇస్తుంది. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, మళ్లీ ఇంటికి రావడంలో ఇంజిన్ ప్రతిసారీ వేడెక్కేలోపే ఆగిపోతుంది. ఒకవేళ పూర్తిగా వేడెక్కాక ఆపినా మరో చిక్కు ఉంది. ఇంజిన్ ఆగిన తర్వాత కాసేపు ఇంజెక్టర్ మొన దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది. అక్కడ మిగిలిన పెట్రోలు చుక్క ఆవిరవుతూ జిగురును వదిలిపోతుంది. రోజుకు ఆరుసార్లు ఆపితే ఆరు పొరలు.

మన ఊరి ఎత్తుకూ ఇందులో పాత్ర ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి చెన్నైలో కంటే సుమారు 8 నుంచి 9 శాతం పలుచన. కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పాత పరికరం) ఉన్న బండిని చెన్నైలో ట్యూనింగ్ చేయించి ఇక్కడికి తెస్తే, గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. మిశ్రమం నాలుగైదు శాతం చిక్కబడుతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి. తొలితరం మారుతి 800నో, అంబాసిడర్‌నో ఇప్పటికీ ప్రేమగా చూసుకునేవారు ఇది గమనించే ఉంటారు. పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ కార్లకు ఈ బాధ లేదు, కంప్యూటరే సర్దుకుంటుంది.

"హైవే మీద ఒకసారి గట్టిగా తోలితే మసంతా పోతుంది" అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. పండగకు హెబ్బాళ్ దాటి, దేవనహళ్లి, బాగేపల్లి, పెనుకొండ మీదుగా అనంతపురం వెళ్లొచ్చాక బండి తేలికగా నడుస్తున్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. అందులో కొంత నిజం ఉంది. గంటల తరబడి భారంతో తిరిగే ఇంజిన్‌లో ప్లగ్గుల మీది, దహన గదిలోని మెత్తని మసి కాలిపోతుంది. వాల్వ్ వెనుక గట్టిపడిన జిగురు మాత్రం అలా పోదు, దానికి అంత వేడి తగలదు.

## సీసాలో నిజంగా ఏముంటుంది?

దుకాణంలో వరుసగా పేర్చిన సీసాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ లోపలి సరుకు వేరు. మొదటి రకంలో ఎక్కువ భాగం కిరోసిన్‌ను పోలిన ద్రావకమే ఉంటుంది. అది మెత్తని జిగురును కొంత కరిగిస్తుంది, అంతకు మించి చేయలేదు. రెండో రకంలో ద్రావకంతో పాటు డిటర్జెంటు అనే అసలు మందు ఉంటుంది.

డిటర్జెంటు పనితీరు కుంకుడు రసం లాంటిది. కుంకుడులోని పదార్థానికి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటితో కలుస్తుంది, అందుకే తలంటులో జిడ్డు వదులుతుంది. ఇంధనంలో కలిపే డిటర్జెంటుకూ రెండు కొసలున్నాయి. నత్రజని ఉన్న కొస మసిని అంటిపెట్టుకుంటుంది. పొడవాటి తోక లాంటి రెండో కొస పెట్రోలులో కరుగుతుంది. అలా మసిని కొద్దికొద్దిగా విడదీసి, దహన గదిలోకి తోసి, కాలిపోయేలా చేస్తుంది.

వీటిలో రెండు కుటుంబాలు ప్రధానమైనవి. పాలీఐసోబ్యూటిలీన్ అమీన్, క్లుప్తంగా పీఐబీఏ, ఇంజెక్టర్లనూ వాల్వులనూ శుభ్రంగా ఉంచుతుంది. కానీ దహన గదిలో తానే పూర్తిగా కాలక కొంత మసిని మిగల్చవచ్చు. పాలీఈథర్ అమీన్, అంటే పీఈఏ, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, దహన గదిలోని మసి మీద కూడా పనిచేస్తుంది, తాను మాత్రం శుభ్రంగా కాలిపోతుంది. ఖరీదైన సీసాల మీద పీఈఏ అన్న మాట పెద్దగా కనిపించడానికి కారణం ఇదే.

ఆ మాట ఉండటమే చాలదు, ఎంత ఉందన్నది ముఖ్యం. ఒక లెక్క వేద్దాం. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 శాతం పీఈఏ ఉందనుకుందాం. అంటే 90 మిల్లీలీటర్లు. దాన్ని 40 లీటర్ల పెట్రోలులో కలిపితే పది లక్షల పాళ్లలో 2,250 పాళ్లు అవుతుంది. అదే పరిమాణం సీసాలో పీఈఏ 5 శాతమే ఉంటే 375 పాళ్లే. రెండు సీసాల మీదా ఒకే మాట, లోపలి మోతాదులో ఆరు రెట్ల తేడా. ఈ శాతం సీసా చీటీ మీద చాలాసార్లు ఉండదు. తయారీదారు విడుదల చేసే భద్రతా సమాచార పత్రంలో ఏ రసాయనం ఎంత నుంచి ఎంత శాతం వరకు ఉందో కొంతవరకు తెలుస్తుంది.

ఆక్టేన్ పెంచుతామని చెప్పే సీసాలు వేరే జాతి. వాటిలో కొన్నింటిలో ఫెరోసీన్ వంటి లోహ సమ్మేళనాలు ఉంటాయి. అవి కాలాక ప్లగ్గుల మీద ఎర్రటి ఇనుప పొర మిగుల్తుంది, ఆక్సిజన్ సెన్సర్ కూడా పాడుకావచ్చు. మసి తీస్తుందనుకుని ఇలాంటిది పోస్తే ఉన్న మసికి తుప్పు తోడవుతుంది.

బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలు గురించీ ఇలాంటి అయోమయమే ఉంది. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉండవచ్చు: ఎక్కువ ఆక్టేన్, ఎక్కువ డిటర్జెంటు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం మాత్రమే. అది మసిని కడగదు.

## అమెరికా అనుభవం ఏం చెబుతోంది?

ఇంధన డిటర్జెంట్లు నిన్న మొన్న పుట్టిన వ్యాపారపు మాటలు కావు. 1980లలో అమెరికాలో కార్బురేటర్లు పోయి ఇంజెక్టర్లు వచ్చినప్పుడు, అవి త్వరగా మూసుకుపోవడం పెద్ద సమస్యైంది. 1995 నుంచి అక్కడి పర్యావరణ సంస్థ ప్రతి లీటరు పెట్రోలులోనూ డిటర్జెంటు తప్పనిసరి చేసింది. ఆ కనీస మోతాదు చాలడం లేదని బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి 2004లో టాప్ టియర్ పేరుతో మరింత గట్టి ప్రమాణం తెచ్చాయి. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో పోలిక పరీక్ష చేయించింది. 4,000 మైళ్ల ప్రయాణానికి సమానమైన పరుగు తర్వాత, టాప్ టియర్ కాని పెట్రోలు వాడిన ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద సగటున 19 రెట్లు ఎక్కువ మసి కనిపించింది.

డిటర్జెంటు పనిచేస్తుందనడానికి ఇది గట్టి సాక్ష్యం. కానీ అది చెప్పని విషయం ఒకటుంది. ప్రతి ట్యాంకులోనూ కొద్దికొద్దిగా ఉండే డిటర్జెంటు మసిని చేరనివ్వకుండా చూడటం వేరు. పదిహేనేళ్లుగా పేరుకున్నదాన్ని ఒక్క సీసాతో ఒక్క ట్యాంకులో వదిలించడం వేరు. మొదటిదాని సాక్ష్యాన్ని రెండోదానికి ప్రకటనగా వాడుకోవడం మనకు తరచూ కనిపిస్తుంది.

## ఒకే మందు, మూడు ఇంజిన్లు

ఇక అసలు విషయం, దారి.

బాబాయిగారి కారు లాంటి పాత ఇంజెక్షన్ కార్లలో ఇంజెక్టర్ పెట్రోలును ఇన్‌టేక్ వాల్వ్ వెనుక భాగం మీదే చల్లుతుంది. ట్యాంకులో పోసిన మందు ముందు ఇంజెక్టర్‌ను కడుగుతుంది, తర్వాత వాల్వ్‌ను తడుపుతుంది, ఆపై దహన గదిలోకి పోతుంది. మసి పట్టే అయిదు చోట్లలో మూడు ఈ దారిలోనే ఉన్నాయి. 2000 నుంచి దశాబ్దంన్నర పాటు మన దేశంలో అమ్ముడైన చిన్న పెట్రోలు కార్లు దాదాపు అన్నీ ఈ కోవవే. సీసా మందుకు అన్నిటికంటే అనువైన ఇంజిన్ ఇదే.

మా తోడల్లుడి టర్బో కారు అలాంటిది కాదు. అందులో పెట్రోలు నేరుగా దహన గదిలోకే చల్లబడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అంటారు. ఇన్‌టేక్ వాల్వ్ మీదకు వచ్చేది గాలి, దానితో పాటు ఇంజిన్ అడుగు నుంచి లేచే ఆయిలు ఆవిరి. ఆ ఆవిరి వేడి వాల్వ్ మీద కాగి గడ్డకడుతుంది, దాన్ని కడగడానికి ఒక్క పెట్రోలు చుక్క కూడా అటు రాదు. ట్యాంకులో ఎంత మంచి పీఈఏ పోసినా ఇంజెక్టర్ మొన, పిస్టన్ తల బాగుపడవచ్చు, వాల్వులు మాత్రం అలాగే ఉంటాయి. దీనికి నమ్మకమైన మార్గం ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం, విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి వాల్వులను శుభ్రం చేయడం. పెంకుల పొడి మసిని రాల్చేంత గట్టిది, లోహాన్ని గీరనంత మెత్తనిది. ఆ కారుకు సీసా సూచించిన మెకానిక్ అబద్ధం చెప్పాడని నేను అనను. కానీ ఈ తేడా చెప్పకుండా సీసా ఇవ్వడం వల్ల మా వాళ్లు మూడు ట్యాంకులకు మూడు సీసాలు పోసి, ఏ మార్పూ లేక విసిగిపోయారు.

డీజిలు బండిది మరో కథ. మంట వేడిని తగ్గించి నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపులో పెట్టడానికి, ఈజీఆర్ వాల్వ్ పొగలో కొంత భాగాన్ని మళ్లీ గాలిదారిలోకి పంపుతుంది. ఆ పొగలోని మసీ, ఆయిలు ఆవిరీ కలిసి మానిఫోల్డ్‌లో తారులాంటి ముద్ద అవుతాయి. కొన్ని పాత డీజిలు కార్లలో గాలిదారి సగానికి సగం మూసుకుపోవడం మెకానిక్‌లకు కొత్త కాదు. డీజిలు ట్యాంకులో పోసే మందు ఇంజెక్టర్ రంధ్రాలను శుభ్రం చేయగలదు, అది నిజమైన మేలే. ఈజీఆర్ దగ్గరికి ఆ మందు ఎప్పటికీ చేరదు. విప్పి, కడిగి, మళ్లీ బిగించడమే దానికి దారి.

## ఆయిలు వైపు మసి

బాబాయిగారి కారు విషయంలో సీసా మూత తీసే ముందు మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి వెళ్లాం. హిందూపురం మనిషి, ముప్పై ఏళ్లుగా ఇక్కడే షెడ్డు నడుపుతున్నాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి పాత కాగితం మీద వరుసగా పెట్టాడు. మూడు పొడిగా, లేత గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా, తడిగా మెరుస్తోంది. వేలితో రుద్ది చూపించాడు: "ఇది పెట్రోలు మసి కాదు సార్, ఆయిలు. రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కొద్దిగా వస్తుందా?" వస్తుందని బాబాయిగారు ఒప్పుకున్నారు. వాల్వ్ సీళ్లు గట్టిపడి, రాత్రంతా ఆయిలు లోపలికి జారుతోంది. ట్యాంకులో ఏం పోసినా ఆ సీలు మెత్తబడదు. మసిని ఒకసారి తీసినా కొన్ని నెలల్లో మళ్లీ అంతే పడుతుంది.

పికప్ తగ్గిన ప్రతి పాత కారుకూ ఇదే కారణమని కాదు. కానీ మసి చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు మిగిల్చిన గుర్తు. ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ బలహీనపడి అది సరిగా వెలగకపోయినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజిన్ చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచినా మసి చేరుతుంది.

రింగుల గాడుల్లో బిగుసుకున్న మసిని చేరాలంటే ఇంధనం దారి కంటే ఆయిలు దారే దగ్గర. అందుకు ఆయిలు మార్చే ముందు కలిపే ఇంజిన్ ఫ్లష్ ద్రవాలున్నాయి. పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపి పాత ఆయిలుతో పాటు దించేస్తారు. వేళకు ఆయిలు మార్చిన ఇంజిన్‌కు వీటి అవసరం తక్కువ, ప్రమాదమూ తక్కువ. ఏళ్లపాటు నిర్లక్ష్యం చేసిన ఇంజిన్‌లో మడ్డి బురదలా పేరుకుని ఉంటుంది. అది ఒక్కసారిగా ఊడి అడుగునున్న జల్లెడకు అడ్డం పడితే ఆయిలు పైకి ఎక్కదు, బేరింగులు పోతాయి. అవసరం ఎక్కువున్న చోటే ప్రమాదమూ ఎక్కువ. నాకు తెలిసిన మంచి మెకానిక్‌లు ఇలాంటి బండికి ఫ్లష్ బదులు మంచి ఆయిలును తక్కువ దూరాలకే రెండు మూడుసార్లు మార్చి, బురదను మెల్లగా కరగనిస్తారు.

## హెడ్ దించాలనేవారు, గ్యాసు పంపాలనేవారు

పాత తరం మెకానిక్‌లలో చాలామందికి సీసాల మీద నమ్మకం లేదు. సీసం కలిసిన పెట్రోలు వాడిన కాలంలో హెడ్ (ఇంజిన్ పైభాగం) దించి మసి గీకడం మామూలు సర్వీసులో భాగం. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. చేత్తో గీకితే మసి పోయిందో లేదో కంటికి కనిపిస్తుంది, అదే సమయంలో వాల్వులూ చూసుకోవచ్చు. వాళ్ల వాదనలో బలం ఇది. బలహీనత ఖర్చు. గాస్కెట్, మజూరి, రెండు మూడు రోజుల సమయం అన్నీ కలిపితే, పదిహేనేళ్ల కారు విలువలో అది చిన్న భాగం కాదు. మసి అనుమానం ఒక్కదాని కోసం అంత పని చేయించడం సబబు కాదు.

మసి వదిలితే పాత ఇంజిన్‌కు కీడు జరుగుతుందని మరికొందరు భయపెడతారు. పెద్ద తునక ఊడి వాల్వ్ అంచు మీద ఇరుక్కుంటే ఇంజిన్ కాసేపు తడబడటం నిజంగానే ఉంది. డిటర్జెంటు మెల్లగా పొరలు పొరలుగా కరిగిస్తుంది కాబట్టి ఆ అవకాశం తక్కువ. గాలిదారిలోకి ద్రావకాన్ని ఒక్కసారిగా చిమ్మే పద్ధతుల్లో ఎక్కువ.

ఇంకో పక్క కార్ల కంపెనీల్లోనే ఏకాభిప్రాయం లేదు. డిటర్జెంటు ఉన్న నాణ్యమైన పెట్రోలు దొరకని చోట అడిటివ్ సీసా కలపమని హ్యూండాయ్ తన పెట్రోలు కార్ల మాన్యువల్ పుస్తకాల్లో రాసింది. బయటి ద్రవాలేవీ కలపవద్దనే కంపెనీలూ ఉన్నాయి. రెండూ కపటం కాదు. మొదటిది ఇంధన నాణ్యత మీద అనుమానంతో చెప్పిన మాట, రెండోది సీసాల నాణ్యత మీద అనుమానంతో చెప్పిన మాట.

ఇప్పుడు నగరంలో బాగా వినిపిస్తున్నది హైడ్రోజన్ డీకార్బనైజింగ్. నీటిని విద్యుత్తుతో విడగొట్టి వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజిన్ గాలిదారిలోకి అరగంటో గంటో పంపుతారు. హైడ్రోజన్ మంట వేగంగా వ్యాపిస్తుంది కాబట్టి మసి కాలిపోతుందని వారి వాదన. పరిమాణాన్ని లెక్కగట్టి చూద్దాం. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే 400 సార్లు గాలి పీలుస్తుంది. పూర్తిగా నిండితే 480 లీటర్లు. ఐడ్లింగ్‌లో త్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి అందులో మూడోవంతు, సుమారు 160 లీటర్లు అనుకుందాం. యంత్రం నిమిషానికి 5 లీటర్ల వాయువు ఇస్తే అది మొత్తంలో 3 శాతం, అందులో హైడ్రోజన్ 2 శాతమే. భారం లేకుండా నిలబడ్డ ఇంజిన్‌లో ఇంత కొద్ది హైడ్రోజన్ వల్ల పిస్టన్ తల వేడి, పెనుకొండ దారిలో నిండు బరువుతో వెళ్లే ఇంజిన్ వేడిని దాటుతుందని నమ్మడం కష్టం. చేయించుకున్నవారు తేడా తెలిసిందంటే వారి అనుభవాన్ని కొట్టిపారేయను. కానీ ఆ సర్వీసులో భాగంగా త్రాటిల్ బాడీ కడగడం, కంప్యూటర్‌ను రీసెట్ చేయడం కూడా తరచూ జరుగుతాయి. తేడా దేనివల్ల వచ్చిందో విడిగా చూస్తే తప్ప తెలియదు.

## మైలేజీ తగ్గుదలలో ఇథనాల్ వాటా

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, ఇథనాల్‌లో 21. పది శాతం కలిపిన పెట్రోలులో 30.9, ఇరవై శాతం కలిపినదానిలో 29.8 వస్తుంది. తేడా మూడున్నర శాతం. ఈ10 మీద లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చిన కారు, మిగతావన్నీ సమానమైతే, ఈ20 మీద 14.5 ఇస్తుంది. ఇథనాల్ లేని ఇంధనానికి తయారై, ఈ10కు సర్దిన నాలుగు చక్రాల వాహనాల్లో ఈ20 వల్ల 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఈ భాగాన్ని ఏ సీసా కూడా తిరిగి ఇవ్వలేదు. లేని శక్తిని డిటర్జెంటు పుట్టించలేదు.

ఇథనాల్ స్వతహాగా మంచి ద్రావకం. పాత ట్యాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న మడ్డిని అది వదులు చేసి ఫిల్టర్‌లోకి తెస్తుంది. ఈ20 మొదలైన కొత్తలో పాత కారు తడబడితే ఇంజిన్ మసి కంటే ముందు అనుమానించవలసింది ఆ ఫిల్టర్‌నే. గట్టిపడే రబ్బరు గొట్టాలు, సీళ్లు మరో సమస్య. వాటికీ మసికీ సంబంధం లేదు.

## తేడా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మందు పోశాక లీటరుకు అర కిలోమీటరు పెరిగిందని చెప్పేవారు చాలామంది. బంకులో 30 లీటర్లు నింపేటప్పుడు పంపు ఆగే చోటు ఒక లీటరు అటూ ఇటూ అయితేనే లెక్కలో 3 శాతం తేడా వస్తుంది. 15 కిలోమీటర్లకు అది అర కిలోమీటరే. ఒక ట్యాంకు కొలతతో తేల్చిన ఏ మాటైనా ఆ పొరపాటులోనే మునిగిపోతుంది. నాలుగైదు ట్యాంకుల సగటు తీసినా వర్షాకాలం ట్రాఫిక్, ఏసీ వాడకం అడ్డు వస్తాయి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. సీసా 500 రూపాయలు, పెట్రోలు లీటరు దాదాపు 100 రూపాయలు, ట్యాంకుకు 35 లీటర్లు అనుకుందాం. మందు వల్ల నిజంగానే 2 శాతం కలిసొస్తే ట్యాంకుకు 70 రూపాయలు మిగులుతాయి. ఏడు ట్యాంకులు గడిస్తే గానీ సీసా ఖర్చు రాదు. అందుకే దీన్ని పొదుపుగా చూడటం కంటే తడబాటు, నాకింగ్, స్టార్టింగ్ ఇబ్బంది తగ్గాయా అన్న కోణంలో చూడటమే సరైనదని నా అభిప్రాయం.

కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ దీనికి మంచి సాక్షి. కంప్యూటర్ పెట్రోలు మోతాదును ఎంత సవరించుకుంటోందో ఫ్యూయల్ ట్రిమ్ అన్న అంకె చూపిస్తుంది. ఇంజెక్టర్లు మూసుకుపోయిన కారులో అది 10 శాతం పైకి వెళ్లి, మందు తర్వాత సున్నా వైపు దిగితే, ఆ మందు పనిచేసినట్టే. మన దేశంలో కొత్త కార్లకు ఓబీడీ-2, అంటే మామూలు స్కానర్ చదవగల ప్రామాణిక వ్యవస్థ, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్లలో కొన్నింటికి కంపెనీ సొంత స్కానర్ కావాలి.

ఆ స్కానర్ అందని కార్లకు మరో సాక్ష్యం ఇంట్లోనే ఉంటుంది. బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో మూడోది), అంతకు పాత పెట్రోలు కార్లకు ఆరు నెలలకోసారి చేసే ఎమిషన్ పరీక్ష చీటీలో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ల అంకె రెండూ అచ్చవుతాయి. మిశ్రమం చిక్కబడితే మొదటిది, సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోతే రెండోది పెరుగుతుంది. బాబాయిగారు డాష్‌బోర్డు అరలో అలాంటి చీటీలను పదకొండేళ్లవి దాచారు. వాటిని తేదీల వరుసలో పేర్చితే, మొదటి ఎనిమిదేళ్లూ ఒకే తీరుగా ఉన్న హైడ్రోకార్బన్ల అంకె గత మూడేళ్లలోనే మెట్టుమెట్టుగా పెరిగినట్టు కనిపించింది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం కదల్లేదు. పెట్రోలు మిశ్రమం సరిగానే ఉందనీ, ఒక సిలిండర్ సరిగా మండటం లేదనీ ఆ చీటీలు మూడో ప్లగ్ కంటే ముందే చెప్పాయి. వాల్వ్ సీళ్లు మార్చాక వచ్చే పరీక్ష చీటీ కోసం ఇప్పుడు ఎదురుచూస్తున్నాం.